నాలుగు చీటీలు, ఒకే ఒళ్లు: మందులు ఒకదానితో ఒకటి పడకపోతే ఇంట్లోనే పసిగట్టడం ఎలా

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో సాయంత్రం ఓపీ వేళ మందుల షాపు దగ్గర కాసేపు నిలబడి చూడండి. అరవై దాటిన మనిషి చేతిలో ఒక్క చీటీ మాత్రమే ఉండటం అరుదు. గుండెకు ఒక డాక్టరు, షుగరుకు ఇంకొకరు, మోకాళ్లకు ఎముకల డాక్టరు, మధ్యలో జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ. ఎవరి మందు వాళ్లు సరిగ్గానే రాస్తారు. కానీ ఆ చీటీలన్నీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు చాలా ఇళ్లలో ఉండరు. గుంటూరులో ఫార్మసిస్టుగా కౌంటర్ వెనక నిలబడి నేను రోజూ చూసేది ఇదే, నన్ను బాగా బాధపెట్టేదీ ఇదే. మందుల వల్ల ఆసుపత్రిలో చేరిన వాళ్ల సంగతులు వింటుంటే, వాటిలో చాలా వరకు ముందే పట్టుకోగలిగినవే.

ఆ చూసే మనిషి మీరే కావాలి. అందుకు ఏ చదువూ అక్కర్లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒక తెల్లకాగితం, కాస్త ఓపిక ఉంటే చాలు.

మొదలుపెట్టే ముందు ఒక గట్టి మాట. ఇది చదివి రోజువారీ మందు దేన్నీ మీ అంతట మీరు ఆపేయకండి. గుండె నాళంలో స్టెంట్ వేసిన మనిషి రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ ఆపినా, మూర్ఛ ఉన్న మనిషి ఫిట్స్ మందు ఆపినా, నెలల తరబడి వాడిన స్టెరాయిడ్ ఒక్కసారిగా మానేసినా ప్రాణం మీదికి వస్తుంది. అనుమానం పట్టుకోవడం మీ పని. ఆపాలా, మార్చాలా అన్నది డాక్టరు చెప్పాలి. ఒళ్లంతా దద్దుర్లు, మొహం వాపు లాంటి రియాక్షన్ వచ్చినప్పుడు మాత్రం లెక్క వేరు, దాని గురించి కింద చెప్తాను.

మొదటి పని: ఉన్నవన్నీ ఒకచోట పోయండి

ఫ్రిజ్ మీద డబ్బా, బీరువా అర, దిండు కింద, హ్యాండ్‌బ్యాగ్, దేవుడి గూడు పక్కన ఉన్న స్టీలు గిన్నె, ఎక్కడెక్కడ మందులున్నాయో అన్నీ తెచ్చి ఒక చాప మీద పోయండి. బిళ్లలే కాదు. కంటి చుక్కలు కూడా మందే. గ్లాకోమాకు వేసే టిమోలాల్ చుక్కలు కంట్లోంచి రక్తంలోకి వెళ్లి ఆస్తమా ఉన్నవాళ్లకు ఆయాసం తెప్పించగలవు, గుండె వేగం తగ్గించగలవు. చుక్కల గురించి ఛాతీ డాక్టరుకు చెప్పాలని ఎవరికీ తోచదు.

ఇన్హేలర్లు, నొప్పికి రాసే ఆయింట్‌మెంట్లు, వారానికోసారి వేసుకునే విటమిన్ డి, ఇన్సులిన్ పెన్ను, ఆయుర్వేద చూర్ణాలు, కషాయాల పొడులు, హోమియో గుళికలు, ఆర్‌ఎంపీ కాగితంలో చుట్టి ఇచ్చిన విడి బిళ్లలు కూడా ఆ చాప మీదికి రావాలి. ఈ విడి బిళ్లల్లో నొప్పి మందో, డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడో ఉండే అవకాశం ఎక్కువ. స్టెరాయిడ్ వేసుకున్న రోజు ఒళ్లు తేలికగా, హాయిగా ఉంటుంది. షుగర్ మాత్రం ఒక్కసారిగా పైకి పోతుంది. పేరు తెలియని బిళ్ల ఇంట్లో ఉంటే అది ఏమిటో ఇచ్చినవాళ్లను అడిగి రాయించుకోండి. చెప్పకపోతే కొత్తగా వేసుకోవద్దు, నెలల తరబడి వాడుతున్నదైతే మానే ముందు డాక్టరుకు చూపించండి.

మన రెండు ఊళ్లలో ఇంకో రకం డబ్బాలు కూడా ఉంటాయి, అమెరికాలో ఉన్న పిల్లలు ప్రేమగా పంపినవి. ఫిష్ ఆయిల్, గ్లూకోసమైన్, మల్టీవిటమిన్లు, టైలెనాల్. టైలెనాల్ అన్నా ఇక్కడి డోలో అన్నా ఒకే మందు, పారాసెటమాల్. అక్కడి డబ్బా మీద దాన్ని ఎసిటమినోఫెన్ అని రాస్తారు కాబట్టి వేరే మందనుకుని రెండూ వేసుకునేవాళ్లున్నారు.

రెండో పని: షీటు చదవడం నేర్చుకోండి

షీటు మీద పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని పైనో కిందో ఉండేది అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో కూడా అక్కడే ఉంటుంది. మీకు కావాల్సింది ఆ అసలు పేరే. అక్షరాలు కనిపించకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. 2023 ఆగస్టు నుంచి బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద బార్ కోడో, క్యూఆర్ కోడో ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. దాన్ని స్కాన్ చేస్తే అసలు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనిపిస్తాయి.

బీపీ, షుగర్ మందుల బ్రాండ్ పేరు చివర తగిలించే అక్షరాల మీద ఓ కన్నేయండి. టెల్మిసార్టాన్ బిళ్ల పేరు చివర ‘ఏఎం’ అని ఉంటే అందులో ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు కూడా ఉందని. ‘హెచ్’ ఉంటే హైడ్రోక్లోరోథయజైడ్ అనే నీరు తీసే మందు కూడా ఉందని. షుగర్ బిళ్లల్లో ‘ఎం’ ఉంటే చాలావరకు మెట్‌ఫార్మిన్ కలిసి ఉన్నట్టు. గుండె డాక్టరు ‘ఏఎం’ ఉన్న బిళ్ల రాస్తే, అంతకుముందు నుంచి వాడుతున్న ఆమ్లోడిపిన్ బిళ్ల కూడా అలాగే సాగిపోతుంటుంది. కళ్లు తిరుగుతున్నాయని వచ్చినవాళ్ల షీట్లు పరిచి చూస్తే ఇదే బయటపడిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఒకే మందు రెండు పేర్లతో దొరకడంలో అందరికంటే ముందుండేది పారాసెటమాల్. జ్వరానికి 650 బిళ్ల, జలుబుకు వేసుకునే బిళ్లలోనూ అదే, ఒళ్లునొప్పులకు ఆర్‌ఎంపీ ఇచ్చిన దాంట్లోనూ అదే. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు. అంటే 650 బిళ్లలైతే ఆరు, అదీ మూడు చోట్ల నుంచి వచ్చేవన్నీ కలిపి ఆరు. తాగుడు అలవాటున్నవాళ్లకు, లివర్ దెబ్బతిన్నవాళ్లకు, బాగా చిక్కిపోయినవాళ్లకు ఈ హద్దు ఇంకా తక్కువ, ఎంతో డాక్టరును అడగాలి.

మూడో పని: ఒకే ఒక కాగితం

ఇప్పుడు ఒక కాగితం మీద పట్టీ రాయండి. అన్నిటికంటే పైన, ఎర్ర ఇంకుతో, పడని మందుల పేర్లు. ‘ఏదో ఇంజెక్షన్ పడలేదు’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ మందు, ఎప్పుడు, ఏమైంది అన్నది రాయాలి. ‘2019లో సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ చేసిన అయిదు నిమిషాలకు ఆయాసం, మొహం వాపు’ అని ఉంటే రేపు స్పృహ లేకుండా ఆసుపత్రికి వెళ్లినా ఆ కాగితం ప్రాణం కాపాడుతుంది.

దాని కింద ఆస్తమా, కిడ్నీ, లివర్, అల్సర్, గర్భం, పాలిచ్చే తల్లి, ఇలాంటి సంగతులు. చివరిసారి చేయించిన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత, ఏ తేదీన. ఆ కింద ఒక్కో మందుకు ఒక్కో వరుస: అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళకు, తిండికి ముందా తర్వాతా, దేనికోసం, ఎవరు రాశారు, ఏ రోజు మొదలైంది. చివరి గడి చాలా ముఖ్యం, అది ఎందుకో తర్వాత తెలుస్తుంది. ‘దేనికోసం’ అన్న గడి నింపలేని మందు ఒక్కటైనా తేలుతుంది. ఎప్పుడో ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు అయిదు రోజులకు రాసిన గ్యాస్ బిళ్ల ఏళ్ల తరబడి సాగుతుంటుంది. అలాంటి వాటి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

ఈ కాగితాన్ని ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా ఉంచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు బీరువాల్లో కాగితాలు నీళ్లపాలయ్యాయి. ఏ బీపీ బిళ్ల వాడుతున్నారో చెప్పలేని పరిస్థితిలో మందు దొరికినా పని జరగదు.

నాలుగో పని: వేళలు సరిచేయండి

అన్ని గొడవలూ ప్రమాదకరమైనవి కావు. కొన్ని మందులు ఒకే గుక్కలో మింగితే ఒకటి ఇంకోదాన్ని ఒంటికి పట్టనివ్వదు, అంతే. వేళ మార్చితే సరిపోతుంది.

థైరాయిడ్ బిళ్ల పరగడుపున, మంచినీళ్లతో. అది వేసుకున్నాక కనీసం అరగంట, వీలైతే గంట దాకా ఏమీ వద్దు. కాఫీ కూడా వద్దు. మన ఇళ్లలో పొద్దున్నే లేచీ లేవగానే ఫిల్టర్ కాఫీ పడాలి కాబట్టి బిళ్ల, కాఫీ ఒకేసారి లోపలికి పోతాయి. డోసు పెంచుతున్నా థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అంకె దిగడం లేదంటే ముందు చూడాల్సింది ఇదే. ఐరన్, కాల్షియం బిళ్లలకూ థైరాయిడ్ బిళ్లకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భిణులకు ఈ మూడూ కలిపి రాస్తారు, మూడూ పొద్దున్నే వేసుకుంటారు. కాల్షియాన్ని మధ్యాహ్నం భోజనానికి, ఐరన్‌ను రాత్రికి జరపండి.

సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ పాలతోనో, కాల్షియంతోనో, యాసిడిటీకి తాగే తెల్ల సిరప్‌తోనో వేసుకుంటే సగం పని కూడా చేయకపోవచ్చు. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. ‘యాంటీబయాటిక్ వేడి చేస్తుంది, గ్లాసుడు పాలు తాగు’ అని ప్రేమతో చెప్పే మాట ఇక్కడ చెరుపు చేస్తుంది. డాక్సీసైక్లిన్ అయితే నిండు గ్లాసు నీళ్లతో, కూర్చుని మింగాలి. అరగంట దాకా నడుం వాల్చకూడదు. లేకపోతే అన్నవాహికలో అంటుకుని పుండు పడుతుంది. విరేచనం కోసం ఇసబ్‌గోల్ తాగేవాళ్లు మిగతా మందులకూ దానికీ మధ్య రెండు గంటలు వదలండి.

అయిదో పని: కలవకూడని జంటల్ని వెతకండి

మీ పట్టీలో ఈ కింద చెప్పిన మందులు ఉన్నాయేమో ఒక్కొక్కటీ చూసుకోండి. ఉంటే భయపడొద్దు, కొన్నిసార్లు తెలిసే రాస్తారు, పరీక్షలు చేయిస్తూ కనిపెట్టుకుంటారు. డాక్టరుకు తెలుసా లేదా అన్నదే ప్రశ్న.

నేను అన్నిటికంటే ఎక్కువగా చూసేది, ఎక్కువగా భయపడేది నొప్పుల బిళ్ల కథ. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఈ కోవ మందులు. ఒక వేసవిలో పల్నాడు వైపు నుంచి ఒకాయన తన తల్లిని మోకాళ్ల డాక్టరుకు చూపించి, మళ్లీ నెల మందులకు మా కౌంటర్ దగ్గరికి వచ్చారు. పాత షీట్లు కూడా సంచీలో ఉన్నాయి. పక్కపక్కన పరిచాను: టెల్మిసార్టాన్ హెచ్ పొద్దున ఒకటి, ఎసిక్లోఫెనాక్ రెండు పూటలా.

“అమ్మా, ఈ వారం రోజులుగా ఒంట్లో ఎలా ఉంది?”

“నీరసం బాబూ. ఎండదెబ్బ అనుకుంటున్నా. తిన్నది ఇమడట్లేదు, ఒంటేలు కూడా సరిగ్గా రావట్లేదు.”

పాదాలు చూస్తే ఉబ్బి ఉన్నాయి. మందులు ఇవ్వకుండా ఆ చీటీలతోనే వెనక్కి పంపి, క్రియాటినిన్ చేయించమన్నాను. అది బాగా పెరిగి ఉంది. డాక్టరు నొప్పుల బిళ్ల ఆపించి, బీపీ మందు మార్చి, నీళ్లు ఎక్కించారు. కొన్ని రోజుల్లో తేరుకున్నారు.

అక్కడ జరిగింది ఇది. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని నొప్పుల బిళ్ల బిగిస్తుంది. బయటికి తీసుకెళ్లే నాళాన్ని టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి వదులు చేస్తాయి. నీరు తీసే మందు ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. మూడూ కలిస్తే కిడ్నీలో వడపోతకు కావాల్సిన ఒత్తిడే ఉండదు. దానికి తోడు రోహిణి కార్తె ఎండలో చెమట పట్టి, ఒకటి రెండు సార్లు విరేచనాలైతే ఇక చెప్పక్కర్లేదు. బీపీ మందు వాడేవాళ్లు మోకాళ్ల నొప్పికి మందుల షాపులో ‘ఏదో ఒకటి’ అడగకండి. పారాసెటమాల్, కాపడం, పైపూత, తొడ కండరాల వ్యాయామం, వీటితో ఎంతవరకు నెట్టుకురావచ్చో డాక్టరుతో మాట్లాడండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు బీపీ మందు, మెట్‌ఫార్మిన్ వేసుకోవాలా వద్దా అన్నది ఫోన్ చేసి అడగండి. నొప్పుల బిళ్లలు బీపీని కూడా పెంచుతాయి. బీపీ మందు డోసు పెంచే ముందు ఈ సంగతి డాక్టరు చెవిన వేయండి.

డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో కూడా ఈ నొప్పుల బిళ్లలు, ఆస్పిరిన్ ముట్టకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లకు డెంగీ అనుమానం వస్తే అది కొనసాగించాలో లేదో ఆ రోజే డాక్టరును అడగాలి.

రక్తం పలచన చేసే మందులు ఇంకో పెద్ద గుంపు. వార్ఫరిన్, ఎసెనోకౌమరాల్ వాడేవాళ్లకు కొత్తగా ఏ మందు చేరినా ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే పరీక్ష) మారవచ్చు. ఫ్లూకోనజోల్, మెట్రోనిడజోల్, కోట్రైమోక్సజోల్ ఐఎన్‌ఆర్‌ను పైకి నెడతాయి, రక్తం కారడం మొదలవుతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ దానికి ఎదురు, మందుల్ని లివర్ వేగంగా విరగ్గొట్టేలా చేసి పలచన చేసే మందు పనిని తగ్గించేస్తుంది. ఇదే రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్రల్ని కూడా పనిచేయనివ్వదు. టీబీ మందు వాడే ఆడవాళ్లకు ఈ మాట ఎవరైనా చెప్పారో లేదో అడిగి తెలుసుకోండి. స్టెంట్ తర్వాత క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు గ్యాస్ బిళ్లగా ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ మంచివి కావు, అవి క్లోపిడోగ్రెల్ ఒంట్లో పనిలోకి దిగకుండా కొంత అడ్డుకుంటాయి. పాంటోప్రజోల్‌తో ఆ ఇబ్బంది తక్కువ.

షుగర్‌కు గ్లిమిపిరైడ్ వాడుతూ ఫంగస్‌కు ఫ్లూకోనజోల్ గానీ, మూత్రంలో మంటకు కోట్రైమోక్సజోల్ గానీ మొదలుపెడితే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. కార్తీక సోమవారమో, ఏకాదశో ఉపవాసం ఉండి గ్లిమిపిరైడ్ మామూలుగా వేసుకున్నా అంతే. రంజాన్ ఉపవాసాలకూ ఇదే మాట. ఉపవాసానికి ముందే డాక్టరును కలిసి డోసు మార్పించుకోండి.

మిగతావి క్లుప్తంగా. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వాడేవాళ్లు అంగస్తంభన కోసం సిల్డెనాఫిల్, టడలాఫిల్ వేసుకుంటే బీపీ ప్రాణాంతకంగా పడిపోతుంది. సిగ్గుపడి దాచేది ఇదే కాబట్టి ఛాతీనొప్పితో ఆసుపత్రికి వెళ్లినప్పుడు మొదట చెప్పాల్సిందీ ఇదే. కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ వాడుతుండగా క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే కండరాల నొప్పులు, ముదురు రంగు మూత్రం వస్తున్నాయేమో చూసుకోండి. మెట్రోనిడజోల్ వాడుతున్నన్ని రోజులూ, ఆపాక మూడు రోజుల దాకా మద్యం తాగకూడదు, మందుల షాపులో దొరికే కొన్ని టానిక్కుల్లోనూ ఆల్కహాల్ ఉంటుంది. నిద్రమాత్ర, దగ్గు సిరప్, జలుబు బిళ్ల మూడూ మత్తిచ్చేవే. మూడూ వేసుకుని బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో బండి నడపకండి. ట్రమడాల్ నొప్పి మందు, డిప్రెషన్‌కు వాడే ఎస్సిటాలోప్రామ్ లాంటివి కలిస్తే వణుకు, చెమటలు, ఫిట్స్ దాకా వెళ్లవచ్చు.

తిండి, నాటు మందులు

ఆకుకూరల గురించి చాలామంది భయపడతారు. వార్ఫరిన్ వాడేవాళ్లు తోటకూర, పాలకూర, మునగాకు మానేయక్కర్లేదు. వాటిలోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది కాబట్టి ఒక వారం అసలు తినకుండా, మరుసటి వారం రోజూ తినడం మంచిది కాదు. ఎప్పుడూ ఒకే మోతాదులో తినండి.

కొబ్బరినీళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. ఎండాకాలం బందరు రోడ్డు పొడవునా బొండాలే. ఒక్క బొండంలో ఒక అరటిపండంత, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పొటాషియం ఉంటుంది. మామూలు మనిషికి అది మేలే. కిడ్నీ దెబ్బతిని, టెల్మిసార్టాన్‌తో పాటు, పొటాషియాన్ని ఒంట్లో నిలిపే స్పైరనోలాక్టోన్ కూడా వాడుతున్నవాళ్లకు రోజూ రెండు బొండాలు తాగితే పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. ‘సోడియం తక్కువ’ అని అమ్మే ఉప్పు కూడా అలాంటిదే, అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. పంపర పనస విదేశాల్లో మందులతో వద్దనే గ్రేప్‌ఫ్రూట్‌కు దగ్గరి చుట్టం. కొన్ని కొలెస్ట్రాల్ మందులు, కిడ్నీ మార్పిడి మందులు వాడేవాళ్లు దానికి దూరంగా ఉండటం మేలు.

ఆకులూ వేర్లూ కదా, హాని ఉండదనుకోవడం నిజం కాదు. పని చేసేది ఏదైనా ఇంకోదానితో కలిసి పని చేస్తుంది. అతిమధురం రోజూ నమిలితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. నీరు తీసే మందు, గుండెకు ఇచ్చే డిగాక్సిన్ వాడేవాళ్లకు అది ప్రమాదం. కాకరకాయ రసం, మెంతుల పొడి షుగర్ మందుకు తోడై షుగర్‌ను మరీ దించేయవచ్చు. పసుపు కూరలో వేసుకుంటే ఏమీ కాదు, క్యాప్సూళ్లుగా మింగేవాళ్లు రక్తం పలచన మందు వాడుతుంటే చెప్పి తీరాలి. కరోనా రోజుల్లో రోజూ తిప్పతీగ కషాయం తాగినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. నేను ఆయుర్వేదం వద్దనడం లేదు. వైద్యుడి దగ్గరికి వెళ్లి తీసుకోండి, ఆ చూర్ణం పేరు కూడా మీ పట్టీలో రాయండి అంటున్నాను.

ఆరో పని: కొత్త బాధ వస్తే ముందు మందుల్ని అనుమానించండి

పట్టీలో ‘ఏ రోజు మొదలైంది’ అన్న గడి ఇక్కడ పనికొస్తుంది. కొత్తగా దగ్గో, వాపో, వణుకో, దురదో మొదలైతే దాని ముందు రెండు మూడు నెలల్లో ఏ మందు కొత్తగా చేరింది, దేని డోసు మారింది చూడండి.

గుంటూరులో పొడి దగ్గు అనగానే మిర్చి ఘాటు మీదికి నెట్టేస్తారు. యార్డులో పనిచేసేవాళ్లు, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లు ఏళ్ల తరబడి దగ్గు సిరప్‌లు తాగుతుంటారు. నిజంగా ఘాటు వల్లే వచ్చే దగ్గు ఉంటుంది, కాదనను. కానీ బీపీకి రామిప్రిల్ గానీ ఎనలాప్రిల్ గానీ వాడేవాళ్లలో కొంతమందికి గొంతులో గరగర, పొడి దగ్గు, రాత్రి పూట ఎక్కువగా వస్తాయి. మందు మొదలైన వారాలకో నెలలకో మొదలవుతుంది కాబట్టి ముడిపెట్టరు. సెలవు రోజు ఘాటుకు దూరంగా ఉన్నా దగ్గు ఆగడం లేదా? అయితే బీపీ బిళ్ల పేరు చూడండి. డాక్టరు వేరే రకం మందుకు మారిస్తే సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఇవే మందుల వల్ల పెదవులు, నాలుక వాస్తే మాత్రం అది అత్యవసరం.

ఆమ్లోడిపిన్ వల్ల పాదాలు వాస్తాయి. అది తెలియక ఇంకొకరు నీరు తీసే బిళ్ల రాస్తారు. వాపు పెద్దగా తగ్గదు. రాత్రిళ్లు మూత్రానికి లేవడం, పొటాషియం తగ్గి పిక్కలు పట్టేయడం మొదలవుతాయి. పిక్కలకు మళ్లీ ఒక ‘నరాల బిళ్ల’. ఒక మందు చేసిన పనిని జబ్బనుకుని ఇంకో మందు, దానికి మరొకటి, ఇలా పట్టీ పెరుగుతుంది. తల తిరుగుడుకు సిన్నారిజిన్ నెలల తరబడి వాడిన పెద్దవాళ్లకు చేతులు వణకడం, నడక నెమ్మదించడం వస్తాయి. అది పార్కిన్సన్ అనుకుని దానికి మందు మొదలుపెట్టేస్తారు. పెద్దవాళ్లకు కొత్త జబ్బు పేరు చెప్పినప్పుడు ఒక్కసారి అడగండి: “డాక్టరు గారూ, ఇది వాడుతున్న మందుల్లో దేనివల్లనైనా కావచ్చా?” మంచి డాక్టర్లు ఆ ప్రశ్నకు కోపగించుకోరు.

ఏడో పని: పరుగెత్తాల్సిన వేళ తెలుసుకోండి

మందు తీసుకున్న నిమిషాల్లోనో, ఒకటి రెండు గంటల్లోనో ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, ఆయాసం, మొహం పెదవుల వాపు, కళ్లు బైర్లు కమ్మడం వస్తే అది అనాఫిలాక్సిస్. ఆ మందు ఇంకో చుక్క లోపలికి వెళ్లకూడదు. 108కి ఫోన్ చేయండి, మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టండి. ఆయాసం ఎక్కువుంటే కూర్చోబెట్టండి, నడిపించకండి. అక్కడ ప్రాణం నిలబెట్టేది తొడకు చేసే అడ్రినలిన్ ఇంజెక్షన్. అవిల్, సెట్రిజిన్ లాంటి అలర్జీ మందులు దాని బదులు కావు. అందుకే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఎప్పుడైనా అడ్రినలిన్ ఉన్న చోటే చేయించుకోవాలి, చేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోవాలి.

ఇంకో రకం నెమ్మదిగా వస్తుంది. కార్బమజెపిన్, ఫెనిటోయిన్, లామోట్రిజిన్, అల్లోప్యూరినాల్, కోట్రైమోక్సజోల్ లాంటివి మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో జ్వరం, నోట్లో పుళ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం మీద నొప్పితో కూడిన మచ్చలు, పొక్కులు వస్తే అమ్మవారు పోసిందని వేపాకు పరిచి ఇంట్లో పడుకోబెట్టకండి. ఆ రోజే మందు ఆపి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఫిట్స్ మందైతే ఆసుపత్రిలో వెంటనే దాని బదులు వేరేది మొదలుపెడతారు. నెలసరి నొప్పికి ఆడపిల్లలు మామూలుగా వేసుకునే మెఫెనమిక్ యాసిడ్ మీద కూడా 2023 నవంబరులో కేంద్రం ఒక హెచ్చరిక జారీ చేసింది. జ్వరం, దద్దుర్లతో మొదలై లోపలి అవయవాలకు పాకే డ్రెస్ అనే రియాక్షన్ దానివల్ల రావచ్చని. అరుదే, కానీ ఆ బిళ్ల వేసుకున్న వారాల్లో అలాంటి జ్వరం వస్తే డాక్టరుకు ఆ పేరు చెప్పాలి.

షుగర్ బిళ్ల వేసుకున్న మనిషి చెమటలు పట్టి, వణుకుతూ, తికమకగా మాట్లాడితే మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటకు మళ్లీ షుగర్ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. గ్లిమిపిరైడ్ వల్ల పడిన షుగర్ తేరుకున్నట్టే ఉండి గంటల తర్వాత మళ్లీ పడుతుంది, కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లడం తప్పదు. నల్లటి విరేచనం, రక్తం పలచన మందు మీద ఉండగా తలకు దెబ్బ, కళ్లు పచ్చబడటం, మూత్రం ఆగిపోవడం, ఇవి కూడా తెల్లారేదాకా ఆగేవి కావు. వెళ్లేటప్పుడు షీట్లన్నీ సంచీలో వేసుకెళ్లండి.

ఎనిమిదో పని: ఫిర్యాదు కాదు, సమాచారం ఇవ్వండి

రియాక్షన్ వచ్చి తగ్గాక చాలామంది ఆ సంగతి వదిలేస్తారు. వదలొద్దు. మందు మార్కెట్లోకి రాకముందు కొన్ని వేల మంది మీదే పరీక్షిస్తారు. అరుదైన చెడు ఫలితాలు లక్షల మంది వాడాకే బయటపడతాయి. గర్భిణుల వాంతులకు ఇచ్చిన థాలిడోమైడ్ వల్ల వేల మంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగ్గా ఎదగకుండా పుట్టారని 1961లో తెలిసింది. ఆ తర్వాతే ప్రపంచమంతా ఇలాంటి సమాచారం సేకరించడం మొదలైంది. మన దేశంలో 2010లో మందుల చెడు ఫలితాల మీద కన్నేసి ఉంచే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా (పీవీపీఐ) మొదలైంది, 2011 నుంచి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది.

చెప్పడానికి డాక్టరే కానక్కర్లేదు. మామూలు మనుషుల కోసం వేరే ఫారం ఉంది, తెలుగులోనూ ఉంది. 1800-180-3024కు పని దినాల్లో ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఏడీఆర్ పీవీపీఐ అనే యాప్ కూడా ఉంది. గుంటూరు మెడికల్ కాలేజీ, విజయవాడ సిద్ధార్థ, మంగళగిరి ఎయిమ్స్ లాంటి చోట్ల ఫార్మకాలజీ విభాగంలో అడిగితే ఎలా రాయాలో చెప్తారు.

ఆ మందు వల్లే వచ్చిందని మీరు రుజువు చేయక్కర్లేదు, అనుమానం చాలు. వాళ్లు అడిగేది: ఎవరికి వచ్చింది, వయసు, ఏ మందు, ఎంత డోసు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ఆపారు, ఏమైంది, ఇప్పుడెలా ఉంది, తోడుగా ఇంకేం మందులు వాడుతున్నారు. రోగి వివరాలు బయటపెట్టరు. మీ పట్టీ దగ్గర పెట్టుకుంటే ఆ ఫారం నింపడం పది నిమిషాల పని. బ్యాచ్ నంబరు కూడా అడుగుతారు, షీటు అంచున అచ్చు వేసి ఉంటుంది. ఆ అంచును కత్తిరించి ముందు బిళ్లలు తీసేవాళ్లం చాలామందిమి. ఇకనుంచి రెండో అంచు వైపు నుంచి మొదలుపెట్టండి, రియాక్షన్ వచ్చిన షీటును పారేయకుండా ఒక కవర్లో వేసి, తేదీ రాసి ఉంచండి.